అన్నీ పసుపు సంచిలోనే

ఆసుపత్రిలో చెత్త ట్రాలీ తోసే అతన్ని నర్సులందరూ బావగారనే పిలుస్తారు. పైవార్డు హెడ్ నర్సు అతని భార్యకు చెల్లెలు. ఆమె నోట విని విని మిగతావాళ్లకూ అదే అలవాటైంది. అతనికి ఈ పని ఇప్పించింది కూడా ఆమే. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తదు. ఎత్తకపోవడమే అతనికి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఆ వార్డు నర్సులు కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టారు. నెత్తురంటిన దూది, కట్లు మాత్రమే పసుపు సంచిలో వేస్తారు. అవి కాల్చడానికి పోతాయి. సెలైన్ సీసాలు, గొట్టాలు ఎర్ర సంచిలో వేస్తారు. వాటిని శుద్ధి చేసి, కరిగించి మళ్లీ వాడుకుంటారు. అంతకుముందు అన్నిటినీ కాల్చేవారు. ఆ మసి పోయి పోయి పిల్లల వార్డు కిటికీల మీద పేరుకునేది. "జబ్బు నయం చేసే చోటే జబ్బు తయారుచేస్తున్నాం సార్" అంటూ హెడ్ నర్సు సూపరింటెండెంటు దగ్గర పట్టుబట్టింది.

ఆయన షరతు పెట్టాడు. "నెలాఖరులో నేనే వచ్చి చూస్తాను. బాగుంటే అన్ని వార్డుల్లోనూ మీరు చెప్పినట్టే చేద్దాం. లేదంటే మళ్లీ ఈ ఊసెత్తకూడదు."

"బావా, ఎర్రవి వెనక షెడ్డుకి. మర్చిపోకు" అని చెప్పింది హెడ్ నర్సు మొదటిరోజు.

"చదువు లేకపోయినా కళ్లున్నాయిలేమ్మా నాకు."

"అబ్బ, మొదలెట్టావా!" అందామె. నర్సులంతా పకపకా నవ్వారు.

షెడ్డు ఆవరణకు ఆ చివర ఉంది. దారంతా గుంతలే. ట్రాలీ చక్రం ఇరుక్కుంటే నడుం పట్టేసేది. పసుపు సంచులు పడేసే పసుపు గది మాత్రం ర్యాంపు పక్కనే. పైగా పసుపు సంచిని విప్పి చూసే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకని ఎర్ర సంచుల్లో సరుకంతా పసుపు సంచుల్లో కుక్కి, మూతి బిగించి అక్కడే పడేసేవాడు. ఇన్ని మీటింగులు పెట్టుకున్నారు కదా, బండి తోసేవాణ్ని ఒక్క మాట అడిగారా? వీళ్ల తిక్క కుదరాలి అనుకునేవాడు మొదట్లో. తర్వాత అలా అనుకోవడం కూడా మానేసి, ఊరికే కుక్కేవాడు.

నెలాఖరులో సూపరింటెండెంటు వార్డుకు రాలేదు. నేరుగా పసుపు గదికి పోయి, గ్లవ్స్ తొడుక్కుని, పైవార్డు చీటీ ఉన్న సంచి విప్పాడు. ఖాళీ సెలైన్ సీసాలు దడదడా నేల మీదికి దొర్లాయి.

హెడ్ నర్సును కిందికి పిలిపించారు. ఆమె వెనకే నలుగురు నర్సులు దిగారు.

"ఇదేనామ్మా మీరు చెప్పిన కొత్త పద్ధతి?"

ఆమె సీసాల వైపు చూసింది. తర్వాత గోడకు ఆనుకుని నిలబడ్డ అతని వైపు చూసింది. అతని కళ్లు నేల మీదికి వాలిపోయాయి.

"మా వార్డు సంచే సార్. బాధ్యత నాదే."

అతను గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఆ అమ్మాయి తప్పేం లేదు సార్. వాళ్లు విడివిడిగానే ఇచ్చారు. నేనే కలిపాను. షెడ్డు దూరమని... నేనే."

సూపరింటెండెంటు జాలిగా నవ్వి అతని భుజం తట్టాడు. "మరదలి మీద మాట రాకూడదని తాపత్రయం. మంచివాడివయ్యా. కానీ నా దగ్గర ఇలాంటివి సాగవు."

"ఒట్టు సార్! నిజంగా నేనే!"

"చాల్లే. రేపటి నుంచి పాత పద్ధతే." ఆయన గ్లవ్స్ ఊడదీసి ఆ సీసాల మీదే విసిరేసి వెళ్లిపోయాడు.

నర్సులు ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కారు. హెడ్ నర్సు మాత్రం ఆగింది.

"దూరమని నాతో ఒక్క మాట అనుంటే, డ్యూటీ దిగాక నేనే తోసేదాన్ని కదా బావా."

అతను వంగి సీసాలు ఏరడం మొదలుపెట్టాడు.

"ఇంక ఎవరికీ చెప్పకు. నమ్మరు. నేనే నీతో అలా చెప్పిస్తున్నానంటారు."

మధ్యాహ్నం ఒక నర్సు టీ తెచ్చి అతని చేతికిచ్చింది. "తప్పంతా మీ నెత్తిన వేసుకోబోయారు. మీలాంటి బావ ఎంతమందికి ఉంటారండీ!" అంది.

ఆమె వెళ్లిపోయింది. తాగలేక, పారబోయలేక, ఆ టీ చల్లారిపోయేదాకా అతను ట్రాలీ పక్కనే నిలబడ్డాడు.