ఉయ్యెలగొలుసులు

శరన్మేఘశకలంబులు ఏకిన దూదిపింజలవలె నాకసమున నొయ్యనొయ్యన సంచరింపగా, వర్షాకాలకలుషంబు వీడి గౌతమీజలంబులు తేటవడి తీరకాశకుసుమచ్ఛాయలతో మెరయుచుండగా, వెన్నువిడిచిన వరిచేలమీదుగా వచ్చు చిరుగాలి పెరటి గోరింటకొమ్మల నల్లల్లాడించుచుండగా, అట్లతద్ది సమీపించినదన్న యుత్సాహమున మాధవవరాగ్రహారమందలి కన్నెపిల్లలకును క్రొత్తపెండ్లికూతుండ్రకును కాళ్లు నేల నిలువకుండెను.

ఆ యగ్రహారమున నొక్కగోడ కిరువైపులనున్న రెండిండ్ల చెల్లాయమ్మయు భ్రమరాంబయు నను తోడికోడండ్రు కాపురముండిరి. వారి భర్తలగు నన్నదమ్ములు సామరస్యముతోనే వేరుపడి భూములను పశువులను పాత్రసామగ్రిని పంచుకొనిరి గాని, మామగారినాటి యుయ్యెలయొద్దకు వచ్చునప్పటికి నాకు గావలెనని పెద్దకోడలును నాకే గావలెనని చిన్నకోడలును పట్టుబట్టిరి. విసిగిన పెద్దమనుష్యులు బల్లను పెద్దయామెకును దానిని వ్రేలాడదీయు నినుపగొలుసులను చిన్నయామెకును ఇచ్చి చేతులు దులుపుకొని పోయిరి. నాటినుండి బల్ల చెల్లాయమ్మ యింట నూరగాయజాడీలకు పీఠమయ్యెను. గొలుసులు భ్రమరాంబ పశువులకొట్టమున గోనెసంచిలో మూలబడెను. తోడికోడండ్ర నడుమ మాట లుడిగెను.

పెండ్లియైన పిదప తొలి యట్లతద్దికి బుట్టినిల్లు చేరిన చెల్లాయమ్మకూతురు వైదేహి యొకనాటి యుదయమున దొడ్డిగుమ్మమున జొరబడి వచ్చి పినతల్లి కొంగు పట్టుకొనెను.

“పిన్నీ, తాడు ఉయ్యాలంటే నాకు భయం. ఆ గొలుసులు ఈ ఒక్క పండక్కి ఇవ్వవూ?”

“మీ అమ్మను వచ్చి అడగమను.”

“అమ్మ అడగదు పిన్నీ. నేనిక్కడికి వచ్చినట్టే తెలీదు. తెలిస్తే వీపు చిట్లగొడుతుంది.”

“అయితే నేనూ ఇవ్వను,” అని భ్రమరాంబ మొగము త్రిప్పుకొనెను. ఆ బాలిక కొంగు విడిచి, మెట్టెల చప్పుడైనను గానీయక వెడలిపోయెను.

ఆ పోక భ్రమరాంబను నిలువనీయలేదు. ఇవ్వననిన వస్తు వెట్లున్నదో చూతమని కొట్టమునకు బోయి సంచి విప్పెను. ఏండ్లతరబడి చూరునీటిలో నానిన యా గొలుసులయందు లంకె లొండొంటి కంటుకొని, కావిరంగు తుప్పు పొరలుపొరలుగా గ్రమ్మి, చేతబట్టిన మాత్రమున పెచ్చులై రాలుచుండెను. ప్రాణముతో సమముగా నెంచి పోరాడి తెచ్చుకొన్న సొత్తును ఒక్కనాడైనను విప్పి చూడక తానే పాడుచేసితినిగదా యని యామె యా పేడనేలమీదనే చతికిలబడి కొంగుతో గన్నులొత్తుకొనెను.

అటుపిమ్మట లేచి, కుడితితొట్టిని కడిగి, తరవాణికుండలోని పుల్లని నీటిని వంచి, దోసెడు చింతపండు పిసికి కలిపి, గొలుసుల నందు ముంచి యా రాత్రియంతయు నానవైచెను. మరునాడు చూచునప్పటికి నీరు సిరావలె నల్లబడి, తుప్పు నానిన పెసరపొట్టువలె నూడివచ్చుచుండెను. కొంగు నడుమున దోపి, కొబ్బరిపీచుతో నిటుకపొడి నద్ది యొక్కొక్క లంకెను దోముచు, కదలని సందులయందు కాకియీకతో గిరసనాయిలు చుక్కలువైచి మెలిపెట్టుచు, కడిగి యెండనారబెట్టి మరల దోముచు నామె మధ్యాహ్నభోజనమును సైతము మరచెను. అంటుకొన్న లంకెలు పుటుక్కున విడివడినప్పు డెల్ల నామెకు నవ్వు వచ్చుచుండెను. ఇనుము నీలిమేఘచ్ఛాయతో బయల్పడుకొలది నామె కంఠమున నెన్నడో విడిచిన యుయ్యెలపాట తనంతదానే మేల్కొనెను.

ఆముదము పట్టించిన పిదప నామె కొక సందేహము పుట్టెను: తుప్పు తిన్న యీ గొలుసు పిల్లలభారము నోర్చునా? వెంటనే కొట్టపుదూలముమీదుగా గొలుసులు రెంటిని విసరి, యొకదాని రెండుకొసలను బట్టుకొని కాళ్లు మడిచి వ్రేలాడెను. అప్పుడే సంధ్యావందనమునకై నీళ్లచెంబుతో వచ్చుచున్న భర్త విశ్వపతిశాస్త్రి యా దృశ్యమును గని చెంబు జారవిడిచెను.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఏమిటే అది? దిగు, దిగు!”

“ఏం కాలేదండీ, బలం చూస్తున్నాను. మీరూ రండి, ఆ రెండో గొలుసు పట్టుకు వేలాడండి.”

ఆ శాస్త్రి యిటునటు చూచి, యెవ్వరును లేరని నిశ్చయించుకొని, యుత్తరీయము నడుమునకు బిగించి వ్రేలాడెను. దూలము కిర్రుమనెను. దుమ్ము రాలి యిరువురి తలలును బూడిదవన్నెకు దిరిగెను. గోవు మేత మాని వారివంక జూచెను. గొలుసులుమాత్రము చెక్కుచెదరలేదు.

పండుగముందటిదినమున భ్రమరాంబ దొడ్డిదారిని విడిచి, చూచువారందరును జూచునట్లుగా గొలుసులను భుజములమీద వైచుకొని, గలగలధ్వనితో వీధివెంట నడచి బావగారి గడప ద్రొక్కెను. అట్లకై పిండి రుబ్బుచున్న చెల్లాయమ్మ తలయెత్తి, గొలుసులవంక జూడక తోడికోడలి చేతులవంక జూచెను.

“అయ్యో, ఆ చేతులేమిటే! రక్తం కారుతున్నట్టున్నాయి.”

“తుప్పక్కా. రక్తం కాదు.”

చెల్లాయమ్మ యామెను చేయిపట్టి లాగి తీసికొనిపోయి, వెన్నపూసయు సున్నిపిండియు నద్ది, గోళ్లసందులుసైతము విడువక రుద్దనారంభించెను. కొంతసేపటికి తల వంచుకొనియే యడిగెను.

“ఆనాడు అంత పట్టు పట్టావు. దేనికే?”

“నేను కాపరానికొచ్చిన కొత్తలో అమ్మమీద బెంగతో ఏడుస్తుంటే, నువ్వు దాని మీదే కూర్చోబెట్టి నాకు జడ వేసేదానివి. అందుకు.”

రుద్దుచున్న చేతు లాగిపోయెను.

“ఆ మాట అప్పుడే చెప్పి ఏడవచ్చుగా! బల్లతో సహా నెత్తిన పెట్టి పంపేదాన్ని.”

“మరి నువ్వు దేనికి పట్టుబట్టావక్కా?”

“నీ మీద పంతానికి,” అని చెల్లాయమ్మ నిజము చెప్పెను.

ఇరువురును ఒకరినొకరు చూచుకొని, నవ్వాపుకొనలేక, వెన్నచేతులతోనే యొకరి భుజముపై నొకరు వ్రాలిరి. లోపలినుండి పరుగెత్తివచ్చిన వైదేహి తల్లియు బినతల్లియు నేడ్చుచున్నారో నవ్వుచున్నారో తెలియక గుమ్మమున నిలిచిపోయెను. అంతలోనే యుయ్యెల యెవ్వరియింట గట్టవలెనన్న క్రొత్తతగవు పుట్టెను. మీయింటనే యని యీమెయు గాదు మీయింటనే యని యామెయు వాదులాడుచునే యూరగాయజాడీలను దింపి బల్లను కడిగిరి. చివరకు దూలము గట్టిదని చెల్లాయమ్మ యింటి వసారాయే నిశ్చయమయ్యెను.

అట్లతద్దినాటి యుదయమున గోరింట పండిన యరచేతులతో పిల్లలందరును వసారాలో మూగియుండిరి. బల్ల యెంతవరకు సాగునో చూచెదమని తొలుత గూర్చున్న తోడికోడండ్రు మరల దిగలేదు.

“అమ్మా! పిన్నీ! నా వంతెప్పుడు?” అని వైదేహి పిలుచుచునే యుండెను.

పెద్దయామె మరచిన చరణమును జిన్నయామె యందించుచు, చిన్నయామె కందని రాగమును బెద్దయామె యెత్తుకొనుచు, వారిద్దరును లేయెండలోనికి దూసికొనిపోయి నీడలోనికి మరలివచ్చుచుండిరి. వారి క్రొత్తచీరలకు నల్లనినూనెచారలు దేరెను. ఆ పాట ముగియునంతవరకు ఆ చారల నెవ్వరును జూడలేదు.