నాలుగో చక్రం

తన మెకానిక్ షెడ్డులో బండి మూడో చక్రం దగ్గర గొంతుకూర్చుని నూర్ అహమ్మద్ సెన్సార్‌ను వేళ్లతోనే అటూ ఇటూ ఆడిస్తున్నాడు. స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే క్షణంలో వస్తుంది, కానీ విరుగుతుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో బ్రేకులకు చెప్పేది చిటికెన వేలంత ఉన్న ఆ ముక్కే. అది చెప్పకపోతే డ్రైవరు ముందు హెచ్చరిక లైటు వెలుగుతుంది, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. బత్తలపల్లె ఎర్రమన్ను దాన్ని కప్పేస్తుంది. మొనలో అయస్కాంతం ఉంటుంది గనక ఇనుప రజనూ వచ్చి అంటుకుంటుంది. గాలి కొడితే మన్ను ఇంకా లోపలికి దూరుతుందని ఆయన టూత్‌బ్రష్షుతో రుద్ది తుడుస్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు కాయలు కాచాయి. గోళ్ల కింద నలుపు రంజాన్ నాడు కూడా పోదు.

"ఆ లైటు మీద టేపు అంటించన్నా, కనపడకుండా పోతాది," అన్నాడు ఆ బండి డ్రైవరు ఓబిలేష్. "పెండ్లోళ్లను కదిరికి తీసుకపోవల్ల. వానే లేని సీమలో బండి యాడ జారుతాది?"

"కూర్చోప్పా. ఇంగ ఒగటే ఉండాది."

వాన లేని సీమ అన్న మాట ఇక్కడ ప్రతి డ్రైవరూ అంటాడు. ఆరేళ్ల కిందట తమ్ముడు షాకీర్ కూడా అన్నాడు. తమ్ముడే కదా అని నూర్ అహమ్మద్ హెచ్చరిక లైటు మీద నల్ల టేపు అంటించి పంపాడు. ఆ ఏడాది పడిన ఒకే ఒక్క వాన ఆ సాయంత్రం పడింది. ముదిగుబ్బ దాటాక షాకీర్ బండి జారి చింతమానుకు కొట్టుకుంది, షాకీర్ అక్కడే పోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ఎవరు బతిమాలినా ఆయన టేపు ముట్టలేదు. గిరాకీ సగం పక్క షెడ్డుకు పోయింది. టేపు సంగతి షాకీర్ భార్య హసీనాకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఆయనకు లేదు.

నాలుగో చక్రం విప్పాడు. సెన్సార్‌ను బయటికి తీసి, రుద్ది, లుంగీ చెంగుతో తుడిచి పాత పేపరు మీద పెట్టాడు.

"ఎండ శానా ఉండాదప్పా. రవ్వన్ని నీళ్లియ్యి."

ఓబిలేష్ చెంబుతో వచ్చేసరికి ఆయన బండికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. గడ్డం రొమ్ము మీదికి వాలింది.

"అన్నా. నూరన్నా."

పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే, నాడి చూసి, ప్రాణం లేదన్నారు. ఓబిలేష్ ఆయన్ను ఇంటికి చేర్చి, ఆయన భార్య అమీర్ బీ కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఈలోగా పెండ్లివాళ్ల ఫోను నాలుగుసార్లు మోగింది. ఏం చేస్తాడు, షెడ్డుకు వచ్చి తనే చక్రం ఎక్కించి నట్లు బిగించాడు.

బండి స్టార్ట్ చేస్తే లైటు వెలుగుతూనే ఉంది. అన్న నాలుగూ తుడిచేసినాడు కదా, రెండు మైళ్లు పోతే అదే ఆరిపోతుందనుకున్నాడు. తొమ్మిదిమందిని ఎక్కించుకుని కదిరి దారి పట్టాడు. ఆ దిక్కున మబ్బు కమ్ముకుంటోంది.

షెడ్డులో పాత పేపరు మీద నాలుగో సెన్సార్, మన్ను రేణువైనా లేకుండా, అలాగే ఉంది.