మనవాళ్ల డబ్బా

నేను ఒక బ్రేకు ప్యాడ్‌ని. అరచేతిలో ఇమిడిపోయే ఇనుప పలక మీద నల్లటి ముద్దను అంటించి, బాగా కాల్చి నన్ను తయారుచేశారు. కారు ముందు చక్రం లోపల, గిరగిరా తిరిగే డిస్కు పక్కన నా కాపురం. మీరు బ్రేకు మీద కాలు వేసినప్పుడల్లా నేను ఆ డిస్కును గట్టిగా పట్టుకుంటాను. పట్టుకున్న ప్రతిసారీ కొంచెం అరిగిపోతాను. నా ఉద్యోగమంతా ఇంతే. కారు కొనేటప్పుడు మీరు రంగు చూస్తారు, సీట్లు నొక్కి చూస్తారు, పాటలు ఎంత గట్టిగా మోగుతాయో చూస్తారు. నన్నొకసారి చూపించమని అడిగినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు. అందుకు నాకేమీ బాధ లేదు. సరే, కొంచెం ఉందనుకోండి.

నా ఒంటికి ఒక చివర సన్నటి ఇనుప రేకు ఉంటుంది. నేను బాగా అరిగిపోయాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. అదే నా నాలుక. నన్ను మార్చండి అని చెప్పడానికి నాకున్నది ఆ ఒక్క అరుపే. అది విని చాలామంది చక్రంలో ఏదో రాయి ఇరుక్కుందనుకుంటారు. కొందరు పాటల శబ్దం పెంచుకుని సర్దుకుపోతారు.

ఎక్కడో ఉత్తరాదిన పుట్టి, మరో ముగ్గురు తోబుట్టువులతో ఒకే అట్టపెట్టెలో సర్దుకుని, లారీ ఎక్కి రాజానగరం చేరాను. అక్కడ హైవే పక్కనే తాతారావు షెడ్డు. తాతారావుకు నలభై దాటాయి. పని నేర్చిన చెయ్యి. ఇంజను మోత వినే, బానెట్ ఎత్తకుండా జబ్బు చెప్పగలడు. మా నలుగురినీ ఊళ్లోని డాక్టరమ్మగారి కారుకు బిగించాడు.

డాక్టరమ్మ భయస్తురాలు. స్పీడు బ్రేకరు అల్లంత దూరంలో ఉండగానే నన్ను పిలిచేది. నేను సగం అరిగానో లేదో, నెల్లాళ్ల ప్రయాణం ఉందంటూ నన్ను మార్చేయమంది. కొత్తవాళ్లు నా చోటికి వచ్చారు. నన్ను తుక్కులో పడేస్తారనుకున్నాను. తాతారావు పడెయ్యలేదు. గుడ్డతో తుడిచి, వెలుగులో తిప్పి చూసి, బల్ల కింద ఉన్న ఒక బిస్కెట్ల డబ్బాలో వేశాడు.

ఆ డబ్బా గురించి మీకు చెప్పాలి. అందులో సగం ఆయుష్షు మిగిలినవాళ్లమంతా ఉండేవాళ్లం. ఒక ఫ్యాను బెల్టు, రెండు హారన్లు, మూడు ప్లగ్గులు, మేం నలుగురం. తాతారావు దాన్ని మనవాళ్ల డబ్బా అనేవాడు. పెదనాన్నగారి అల్లుడో, చిన్నప్పటి స్నేహితుడో, తోడల్లుడి పక్కింటాయనో బండి తెస్తే ఆ డబ్బా బయటికొచ్చేది. మనవాళ్ల దగ్గర కూలీ తీసుకోడు. కొత్త సామాను కొనిపించి వాళ్ల జేబు ఖాళీ చెయ్యడమూ ఇష్టముండదు. అందుకని పరాయివాళ్ల బండ్లలోంచి తీసిన మమ్మల్ని మనవాళ్లకు బిగించేవాడు. ఇందులో మోసం లేదు సుమండీ. నిండా ప్రేమే. డబ్బిచ్చినవాడికి కొత్తది, ప్రేమించినవాడికి పాతది. మనుషుల పద్ధతి నాకు మొదట్లో అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

మనవాళ్లు ఊరికే పోయేవాళ్లు కారు. గుమ్మడికాయ ఇచ్చేవాళ్లు, కొత్తావకాయ తెచ్చేవాళ్లు. వాళ్ల పనికి టైమంటూ ఉండదు. వేరే బండి పని సగంలో ఉండగా వచ్చి, "ఒక్క నిమిషంరా తాతారావూ" అనేవాళ్లు. ఆ నిమిషం భోజనం వేళ దాకా సాగేది. అతను విసుక్కోవడం నేనెప్పుడూ వినలేదు.

పరాయివాళ్లతో మాత్రం అతనిది వేరే గొంతు. ఒకసారి ఒక ట్రావెల్స్ కుర్రవాడు వాదనకు దిగాడు. "ఈ బ్రేకుల్తో బండి నా షెడ్డు దాటదండి. మీరు కోప్పడినా అంతే, మీ ఓనరుగారు కోప్పడినా అంతే" అని తాతారావు తెగేసి చెప్పాడు. డబ్బాలో ఉన్న మాకందరికీ ఒళ్లు పులకరించింది.

కొన్నాళ్లకు మమ్మల్ని నాగభూషణంగారి కారుకు బిగించాడు. నాగభూషణం అంటే తాతారావు బావగారు, అక్క భూలక్ష్మి భర్త. తల్లి లేని ఇంట్లో తాతారావును పెంచింది భూలక్ష్మే. మొట్టమొదటి రెంచీల సెట్టు కొనిచ్చింది బావగారు. కాబట్టి ఆ కారు వచ్చిందంటే షెడ్డులో మిగతా పనులన్నీ ఆగిపోయేవి. ఏడాదిన్నర పాటు ఆ కారును నేనే ఆపాను. నాగభూషణంగారిది ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కే అలవాటు. నేను అరిగిపోయాను. నా నాలుక డిస్కుకు తగిలింది. అరిచాను.

శ్రీరామనవమి ముందురోజు. భద్రాచలం కల్యాణానికి ఆలుమగలిద్దరూ కారులో బయల్దేరారు. దారిలో షెడ్డు దగ్గర ఆగారు. భూలక్ష్మి ఎదురుగా ఉన్న కొట్లో కొబ్బరికాయలు కొనడానికి వెళ్లింది. నాగభూషణం దిగి, "ఏరా, ఆ కీచు శబ్దం తల తినేత్తంది. సంగతేంటో సూడు" అన్నాడు.

తాతారావు చక్రం విప్పి నన్ను బయటికి తీశాడు. బొటనవేలితో రాసి చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"బావగారూ, ప్యాడ్లు పూర్తిగా అయిపోయాయండి. కొత్తయి ఎయ్యాలి. రెండు గంటలాగితే రాజమండ్రి నుంచి తెప్పించేత్తాను."

"రెండు గంటలా! అప్పుడు బయల్దేరితే మారేడుమిల్లి ఘాటీలో చీకటి పడిపోద్ది. వచ్చాక మారుద్దువులే."

"ఘాటీ కాబట్టే అంటన్నానండి. దిగేటప్పుడు..."

నాగభూషణం నవ్వాడు. నవ్వుతూనే, "ఏంట్రా బావమర్దీ, మా దగ్గర కూడా బిల్లు పెంచుదామనేనా?" అన్నాడు.

అది వేళాకోళమే. బావాబావమరుదుల మధ్య ఇంతకన్నా పెద్ద మాటలే దొర్లుతాయి. కానీ తాతారావు చెవులు ఎర్రబడ్డాయి. అతని వేళ్లు బిగుసుకోవడం చేతిలో ఉన్న నాకు తెలిసింది. ఆ ట్రావెల్స్ కుర్రవాడితో మాట్లాడిన గొంతు ఇప్పుడు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. పదేళ్లుగా కూలీ తీసుకోని మనిషి, ఆ ఒక్క మాటతో దొంగలా నిలబడిపోయాడు. నిజం చెబితే డబ్బు కోసం చెప్పినట్టు ఉంటుంది. చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది రేపటి సంగతి, మొదటిది ఇప్పటి సంగతి. మనుషులు ఇప్పటిదానికే భయపడతారు.

"శబ్దం ఒక్కటీ పోగొట్టు సాలు" అన్నాడు బావగారు.

తాతారావు కటింగ్ ప్లేయర్ తీసుకుని నా నాలుకను వెనక్కి వంచేశాడు. అవతలి చక్రంలో నాలుక ఉన్న తోబుట్టువుకూ అదే చేశాడు. మళ్లీ బిగించాడు. "మెల్లగా దిగండి బావగారూ, గేరులోనే దిగండి" అని రెండుసార్లు చెప్పాడు.

భూలక్ష్మి కొబ్బరికాయల సంచితో వచ్చింది. తెచ్చిన పులిహోరలో సగం తమ్ముడి గిన్నెలో పెట్టింది.

"బండి బాగానే ఉందంటావా?"

"బాగుందక్కా."

నేను ఆ పక్కనే చక్రంలో ఉన్నాను. అబద్ధం అబద్ధం అని అరవాలనిపించింది. దేంతో అరవను?

రంపచోడవరం దాకా దారి చల్లగా సాగింది. కీచు శబ్దం లేదు కాబట్టి నాగభూషణంగారు మహా హుషారుగా ఉన్నారు. "మావోడి చెయ్యి పడితే అంతే" అని భార్యతో గొప్పగా చెప్పారు. మారేడుమిల్లి దాటి కొండ ఎక్కడం కూడా ఫరవాలేదు, ఎక్కేటప్పుడు నాతో పనేముంది? దిగడం మొదలైంది. మలుపు మీద మలుపు. ప్రతి మలుపులోనూ ఆయన కాలు నా మీదే. నేను కాలిపోయాను. నల్లటి ముద్ద చివరి పొర కూడా పొడిగా రాలిపోయింది. మిగిలింది ఇనుప పలక. ఇనుము ఇనుమును పట్టుకోలేదండీ, రాసుకుంటుంది, జారుతుంది. గర్రుమని శబ్దం వచ్చింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కారు. నేను నాకున్నదంతా పెట్టి పట్టుకున్నాను. కారు ఆగలేదు. లోపల భూలక్ష్మి "రామా" అంది. ఎడమపక్క లోయ. ఆయన హ్యాండ్ బ్రేకు లాగి స్టీరింగు కుడికి తిప్పేశారు. కారు గిర్రున వెనక్కి తిరిగి అడ్డంగా జారి, కుడిపక్క కొండను కోసిన గట్టుకు ఎడమ తలుపు వైపునుంచి కొట్టుకుని నిలిచింది.

ఇద్దరూ బతికారు. అది మాత్రం నేను చేసింది కాదు, ఆ గట్టు చేసింది. భూలక్ష్మి ఎడమచెయ్యి రెండుచోట్ల విరిగింది. మర్నాడు సీతారాముల కల్యాణం వేళకు ఆవిడ రాజమండ్రి ఆసుపత్రిలో సిమెంటు కట్టుతో పడుకుని ఉంది.

కారును లారీ వెనక కట్టి ఎక్కడికి తెచ్చారనుకున్నారు? తాతారావు షెడ్డుకే. వేరే చోటికి తీసుకెళ్తే బాగుండదు కదా, మనవాడు నొచ్చుకుంటాడు. పరామర్శకు వచ్చిన చుట్టాలందరికీ నాగభూషణంగారు ఒకటే మాట చెప్పారు. "మనోడి దగ్గర చేయిస్తే ఇంతేనండి. బయటోడయితే భయముంటది." తాతారావు అక్కడే నిలబడి విన్నాడు. నోరు మెదపలేదు. నేను చక్రంలోంచి విన్నాను. మా ఇద్దరిలో ఎవరికి నాలుక లేదో ఆ పూట చెప్పడం కష్టం.

వారం తర్వాత అతను నన్ను విప్పి తుక్కు కుప్ప మీద పెట్టాడు. పడెయ్యలేదు, పెట్టాడు. అప్పుడే భూలక్ష్మి ఆటోలో వచ్చింది, మెడలోంచి చెయ్యి వేలాడేసుకుని. బావగారు రాలేదు. తాతారావు స్టూలు తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

తాతారావు కుప్ప మీదినుంచి నన్ను తీసి అక్క ముందు పట్టుకున్నాడు. వంగిపోయిన రేకును చూపించాడు.

"ఇది అరిచిందక్కా. నేనే నోరు మూయించేశాను."

ఆవిడ నన్ను చూసింది. నా జన్మలో నన్ను అంతసేపు చూసిన మనిషి మరొకరు లేరు.

"మీ బావ మూయించమన్నాడా?"

అతను తల వంచుకున్నాడు.

"ఆయన సంగతి ఇంటికాడ నేను సూసుకుంటాను. నన్నెందుకు అడగలేదురా నువ్వు? ఆ బండిలో నేను కూడా కూర్చున్నాను కదా. బాగుందా అని అడిగితే బాగుందన్నావు."

"మీ దగ్గర బేరం పెట్టినట్టుంటదనీ..."

"డాక్టరమ్మ బండయితే పంపేవోడివా?"

తాతారావు లేదన్నట్టు తల ఊపాడు. ఊపుతుంటేనే కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఆవిడ కూడా ఏడ్చింది, కానీ గొంతు తగ్గించలేదు.

"అయితే ఇకమీదట నన్నూ ఆవిడలాగే సూడరా. నీకు అక్కగా ఉంటే సచ్చిపోయేలా ఉన్నాను. పరాయిదాన్లాగే సూడు."

హైవే మీద లారీలు పోతున్నాయి. అవన్నీ ఎక్కడో ఒకచోట ఆగుతాయి, ఆపేవాళ్లు లోపల ఉన్నారు కాబట్టి. తాతారావు నన్ను మళ్లీ కుప్ప మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. అక్క వైపు తిరిగాడు గానీ ఆవిడ ముఖం చూడలేకపోయాడు, చెయ్యి కట్టు మీదే చూపు నిలిపాడు.

"ముందువి నాలుగూ కొత్తవి ఎయ్యాలండి. డిస్కులు కూడా మార్చాలి. ఇవ్వాళ బండి ఇవ్వడం కుదరదు. రేపు సాయంత్రం రండి మేడం."

తనను చంకనేసుకుని పెంచిన అక్కను అతను అలా పిలిచాడు. ఆవిడ కొంగుతో ముఖం ఒత్తుకుని, తమ్ముడికి తల ఊపింది.

"అలాగేనండి" అని చెప్పి ఆటో ఎక్కింది.