స్టిక్కర్ కింద పేరు

ఆ కాంప్లెక్సులో అందరూ ఆమెను సూది అనేవాళ్ళు. మెట్ల పక్కన చిన్న గదిలో బట్టలు ఆల్టరేషన్ చేసే షాపు ఆమెది కాబట్టి సగం, నోరు అలాంటిది కాబట్టి సగం. పగలంతా ఎవరివో ప్యాంట్లు పొట్టి చేసి, ఎవరివో కోట్లు వదులు చేసి, సాయంత్రం కాగానే షట్టరు సగానికి దించి ఫోనులో షూటింగ్ గేము ఆడేది. జట్టులో నలుగురు. మిగతా ముగ్గురినీ ఎప్పుడూ చూడలేదు, గొంతులు మాత్రమే తెలుసు. అయినా చుట్టాలకంటే వాళ్ళే దగ్గరగా ఉండేవాళ్ళు.

ఒకరోజు జట్టు నాయకుడు కాస్త మొహమాటపడుతూ అన్నాడు. "అక్కా, మేం ముగ్గురం కంప్యూటర్లకి మారిపోయాం. పోటీలన్నీ ఇక వాటి మీదే. నువ్వూ మారితే సరే, లేకపోతే..."

"లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటారు. తెలిసిందిలే," అంది సూది.

పై అంతస్తులో కంప్యూటర్ల షాపు సాక్షాత్తూ ఆమె అక్క మొగుడిదే. ఆమె బయట రేట్లు వాకబు చేస్తోందని తెలిసి ఆయన నొచ్చుకున్నాడు. "ఏం మరదలా, ఇంట్లో మనిషిని నేనుండగా బయట కొంటావా? వాళ్ళు నిలువునా ముంచుతారు. నీ దగ్గరున్న డబ్బుల్లోనే మంచిది తయారుచేసిస్తా. గ్రాఫిక్స్ కార్డు మాత్రం సరికొత్తది వేస్తా, చూడు." గేములో బొమ్మలన్నిటినీ గీసేది ఆ కార్డే. మొత్తం ఖర్చులో సగం దానికే పోతుంది. బావ మాట నమ్మి, రెండేళ్ళుగా దాచుకున్నదంతా ఆయన చేతిలో పెట్టింది.

కంప్యూటర్ వచ్చింది. అద్దాల డబ్బా, లోపల రంగురంగుల లైట్లు. షాపుకొచ్చినవాళ్ళు ప్యాంటు కొలతలు ఇవ్వడం మరిచి దాన్నే చూసేవాళ్ళు. సూది మురిసిపోయింది.

ఆ మురిపెం పోటీ రోజు దాకానే. ఆఖరి రౌండులో జట్టంతా గోడ వెనక పొంచి ఉంది. ముందుండి దారి చూపాల్సింది సూది. సరిగ్గా అప్పుడే తెర నల్లబడింది. ఫ్యాన్లు రొద చేస్తూనే ఉన్నాయి గానీ బొమ్మ లేదు. మళ్ళీ ఆన్ చేసేలోపు జట్టు మట్టికరిచింది. ముగ్గురూ "పర్లేదక్కా" అనేసి వెళ్ళిపోయారు. ఆ మర్యాదే ఆమెకు గుచ్చుకుంది.

ఆ వారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తింది. బావ చెయ్యి కడుక్కుంటూ పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస! వస్తువు బంగారం. ఆడే మనిషికే చేతకాలేదు." అక్కా అమ్మా కూడా నవ్వారు. సూది సగం తిన్న కంచం తీసుకుని లేచింది.

మర్నాడు డబ్బా విప్పింది. కార్డు బయటికి తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. వెనక అంటించిన స్టిక్కర్ రవ్వంత వంకరగా ఉంది. చవక చొక్కాకి ఖరీదైన కంపెనీ లేబుల్ కుట్టివ్వమని ఆమె దగ్గరికి నెలకొకరైనా వస్తారు. తర్వాత కుట్టిన లేబుల్ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇస్త్రీపెట్టె కొద్దిగా వేడి చేసి, మీద ఒక గుడ్డ పరిచి, ఆ సెగ చూపించి, సూది మొనతో అంచు లేపింది. కింద ఇంకో స్టిక్కర్, ఇంకో పేరు. ఏళ్ళ నాటి పాత మోడల్. ఎక్కడో క్రిప్టో కరెన్సీ తయారుచేసే ఏ షెడ్డులోనో రాత్రింబవళ్ళు నడిచి నడిచి అరిగిపోయిన కార్డు. తెర మీద కూడా కొత్త పేరే కనబడేలా బావ దాని లోపలా పేరు మార్చిపెట్టాడు.

కార్డు పట్టుకుని పైకెళ్ళింది. షాపులో నలుగురు కొనేవాళ్ళున్నారు. "బావా, ఇదేంటి?" అంది మెల్లగానే.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గొంతు పెంచాడు. "నేనిచ్చింది ఇది కాదే! కొత్తది అమ్ముకుని, ఎక్కడో పాతది పట్టుకొచ్చి నా మొహాన కొడతావా? సొంత మనిషివని ఊరుకుంటున్నా, వెళ్ళు." నలుగురూ ఆమెను దొంగను చూసినట్టు చూశారు.

అమ్మకు చెప్తే, "పోనీలేవే, ఇంటి గుట్టు వీధిలో పెట్టుకుంటామా?" అంది. అక్కకు చెప్తే, "ఆయన అలాంటివాడు కాదు," అని ఫోను పెట్టేసింది.

మోసాన్నైతే సూది ఏదోలా దిగమింగేది. దొంగతనం అంటగట్టడం మాత్రం గొంతు దిగలేదు. కానీ అరవలేదు. అరిస్తే నోటి దురుసు కింద కొట్టేస్తారని తెలుసు.

ముందు ఆ కార్డు తీసి పక్కనపెట్టి, మిగతా కంప్యూటర్‌ని లైట్ల డబ్బాతో సహా అమ్మేసింది. ఆ డబ్బుతో పాత సామాన్ల సంతలో వారం వారం తిరిగింది. కళ్ళ ముందు నడిపి చూపిస్తేనే కొనేది, స్టిక్కర్ గోటితో గీకితే గానీ పర్సు తీసేది కాదు. తెలియనివి జట్టువాళ్ళు చెప్పారు. ఇస్త్రీ బల్ల మీద దుప్పటి పరిచి ఒక్కో ముక్కా బిగించింది. మొదటిసారి మీట నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఏడుపొక్కటే తక్కువ. చివరికి చూస్తే ప్రాసెసర్‌కి కరెంటు వెళ్ళే చిన్న తీగ పెట్టడం మరిచిపోయింది. అది పెట్టాక తెర వెలిగింది. డబ్బా కొనే స్తోమత లేక, పాత మైక్రోవేవ్ రేకు డొల్లలో అమర్చింది. చూడ్డానికి దరిద్రంగా ఉంది. ఆట మాత్రం వెన్నలా సాగింది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తెల్లారి తన షట్టరు మీద ఒక బోర్డు కట్టింది. 'కంప్యూటర్ కొన్నారా? కార్డు అసలుదో నకిలీదో ఉచితంగా చూడబడును.' పైకెళ్ళే మెట్లకు ఎదురుగా, పెద్ద అక్షరాలతో. బావ పేరు ఎక్కడా లేదు.

మొదట వచ్చింది కంప్యూటర్‌లో బొమ్మలు గీసుకునే ఒక అమ్మాయి. సూది ఆమె కార్డును ఇస్త్రీ సెగకు పట్టింది, స్టిక్కర్ లేచింది. ఆ అమ్మాయి కార్డు అందుకుని మెట్లెక్కింది. కాసేపటికి పైనుంచి కేకలు వినిపించాయి. సూది కుట్టుమిషన్ తొక్కడం ఆపి, చెవులారా వింది. పాటకచేరీ కూడా అంత కమ్మగా ఉండదనిపించింది. తర్వాత ఒక డ్రైవరు, ఒక లెక్చరరు, అన్నదమ్ములిద్దరు. నోటి మాట మెట్లకంటే వేగంగా పాకింది.

బావ దిగొచ్చాడు. "నా పొట్ట కొడుతున్నావు."

"నేనేం చేశాను బావా? ఉచితంగా చూస్తున్నానంతే. వస్తువు బంగారమైతే నీకు భయమెందుకు?"

బెదిరించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. డబ్బు వాపసిస్తానన్నాడు. సూది దారం కొరికి తెంపింది.

"నాకు డబ్బొద్దు. రేపు పొద్దున ఇక్కడికొచ్చి ఈ స్టూలు మీద కూర్చో. నీ దగ్గర కొన్నవాళ్ళని పిలుస్తాను. స్టిక్కర్లు నువ్వే పీకు. కార్డు మార్చింది నేను కాదని నీ నోటితో చెప్పు."

వేరే దారి లేదు. కొన్నవాళ్ళందరూ కలిసి పోలీసుల దగ్గరికి వెళ్తామంటున్నారు. వచ్చి కూర్చున్నాడు. వరసగా స్టిక్కర్లు పీకాడు. ఒక్కొక్కరికీ అసలు పేరు చదివి వినిపించాడు. "మా మరదలు ఏం మార్చలేదు, నేనే మార్చాను," అన్నాడు.

"వెనకవాళ్ళకి వినబడలేదు బావా," అంది సూది.

మళ్ళీ చెప్పాడు. సంగతి తెలిసి వచ్చిన అమ్మ షట్టరు దగ్గర నిలబడి, "చాలించవే, మగాడు ఏడుస్తున్నాడు," అంది. సూదికి చాలలేదు. ఇంకొకసారి చెప్పించింది. అలా చెప్పిస్తున్నప్పుడు తన మొహం ఎలా ఉందో ఆమె చూసుకోలేదు. అమ్మ చూసింది. తల తిప్పుకుంది.

నష్టాలు కట్టేసరికి పై షాపు ఖాళీ అయింది. బావ ఎవరి గోడౌన్లోనో పనికి కుదిరాడు. అక్క మాట్లాడటం మానేసింది. సూది జట్టులో మళ్ళీ చోటు దక్కించుకుంది. ఒక పోటీలో రెండో స్థానం వచ్చింది. అయినా ఆ స్టూలు మీద బావ కూర్చున్న పొద్దు తలుచుకున్నప్పుడు కలిగే సంతోషం ఆ గెలుపులో లేదు.

వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. గొడుగు మూసి గోడకు ఆనించింది. చెల్లెలి వైపు చూడకుండా అంది. "రెండో మిషన్ ఖాళీగానే ఉందిగా. కాజాలు కుట్టడం నాకొచ్చు."

సూదికి బావ మీద జాలి రాలేదు, ఇకముందు రాదు కూడా. కానీ అక్క చెప్పులు పూర్తిగా తడిసిపోయి ఉన్నాయి.

"జీతం నెల మొదట్లో ఇస్తా," అంది.

"నీతో మాత్రం మాట్లాడను."

"మాట్లాడకు. ఆ కోటుకి కాజాలు కావాలి, సాయంత్రానికి."

అక్క కూర్చుని చేతి సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడింది. మూడోసారీ కుదరక, పక్కకు చూడకుండానే దాన్ని పట్టుకున్న చెయ్యి చాపింది. సూది దారం ఎక్కించి ఇచ్చింది.