ఉబ్బిన టైరు

క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో ఆ చలికాలమంతా రాళ్ళ సంత నడిచింది. రాయిస్ స్టాడర్డ్ పొద్దస్తమానం ఆ సంతలోనే తిరిగాడు. రాయిగా మారిన చెట్టు మొద్దులు, ఊదారంగు స్ఫటికాలు, నున్నగా సానపెట్టిన బండలు తెచ్చి, పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే తమ ఇంటి ట్రైలర్‌లో మంచం కింద, స్నానాల గదిలో, ఆఖరికి బట్టల బీరువాలో కూడా పేర్చాడు. భార్య వెర్నా స్నానం చేయాలంటే ముందు రాళ్ళు బయటికి మోయాలి. నెబ్రాస్కాలో ఇల్లు అమ్మేశాక వాళ్ళకు ఇల్లంటే ఆ ట్రైలరే.

మకాం ఎత్తేసే రోజు పొద్దున్నే వెర్నా కాఫీ తాగుతూ ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. కుడివైపు రెండు చక్రాల్లో వెనకదాని టైరు పక్కభాగంలో కోడిగుడ్డంత ఉబ్బు కనిపించింది. వేలితో నొక్కింది. చీము పట్టిన కురుపులా బిగిసి ఉంది.

"రాయిస్, ఇటొచ్చి చూడు. టైరు ఉబ్బింది."

రాయిస్ వచ్చి బూటుతో ఒక్క తన్ను తన్నాడు. "చూశావా? ఉక్కులా ఉంది."

"దార్లో పేలితే?"

"పేలితే పక్కన ఇంకోటి లేదూ? అందుకేగా రెండేసి పెట్టేది! జన్మంతా ట్రాక్టర్లు అమ్మినవాణ్ణి, నాకు టైర్ల గురించి చెప్పొచ్చావా?"

పక్క ట్రైలర్‌లో ఉండే లైల్ ఆమండ్‌సన్ ఈ మాటలు విని, కుర్చీ మడతపెడుతున్నవాడల్లా ఆగి వచ్చాడు. వంగి చూసి మొహం చిట్లించాడు. "ఇది పోయేదేనయ్యా. స్టెప్నీ వేసుకుని కదులు. కావాలంటే నేనూ ఓ చెయ్యి వేస్తాను."

"స్టెప్నీ రాళ్ళ కిందుంది," అన్నాడు రాయిస్. "పేర్చినవన్నీ మళ్ళీ దింపాలంటే నా నడుం విరుగుద్ది. ఏం కాదులే లైల్, నువ్వూ మా ఆవిడలాగే తయారయ్యావు."

బయటికి వెళ్ళే దారిలో లెట్రిన్ ట్యాంకులు ఖాళీ చేసుకునే చోట బళ్ళు బారులు తీరి ఉన్నాయి. రాయిస్ ఆ వరస చూసి పికప్‌ను ఆపకుండా పోనిచ్చాడు.

"ట్యాంకు నిండిపోయింది రాయిస్. లోపల ముక్కు మూసుకుని తిరుగుతున్నాను."

"యూమా ఊరు చేరాక చూసుకుందాం. అందాకా నువ్వుండేది అందులో కాదుగా, పికప్‌లోనేగా!"

తన జోకుకు తనే నవ్వుకున్నాడు. వెర్నా కిటికీవైపు తిరిగి కూర్చుంది.

దక్షిణంగా యూమాకు పోయే రోడ్డు ఒంటి బాట. సగం దూరం పోయాక వెర్నాకు రబ్బరు మాడుతున్న కంపు తగిలింది. చెప్పింది. రాయిస్ రేడియో గొంతు పెంచాడు. కాసేపటికి మళ్ళీ చెప్పింది. ఎడారన్నాక సవాలక్ష వాసనలుంటాయన్నాడు.

అప్పుడు టైరు పేలింది.

తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ట్రైలర్ అటూ ఇటూ ఊగి పికప్‌ను వెనక్కి గుంజింది. వెర్నా తన వైపు అద్దంలో చూసింది. టైరు తొక్క ఊడి, చక్రంతో పాటు తిరుగుతూ, కొరడాలా ట్రైలర్ అడుగును బాదుతోంది. రేకులు చిరిగి ఎగురుతున్నాయి. మరుక్షణం అడుగున ఉన్న గొట్టం విరిగింది. వాళ్ళిద్దరూ ఇన్నాళ్ళుగా నింపిన ట్యాంకు రోడ్డు మీదికి ధారగా కారడం మొదలైంది.

వెనక ఒక మోటారు సైకిలు వస్తోంది. నడిపే మనిషి చెయ్యెత్తి ఆపమని ఊపాడు. ఆ వెంటనే బండి ఆ రొచ్చులో జారి అడ్డంగా పడి, మనిషిని రోడ్డు మీద ఈడ్చుకుపోయింది.

"ఆపు! మనిషి పడిపోయాడు, ఆపు!"

రాయిస్ కళ్ళు కూడా అద్దంలోనే ఉన్నాయి. వెర్నా వాటిని చూసింది. అవి అద్దంలో ఒక్క క్షణం నిలిచి, మెల్లగా మళ్ళీ రోడ్డు మీదికి వచ్చాయి.

"లేచాడు," అన్నాడు రాయిస్. "నేను చూశాగా. లేచి నిలబడ్డాడు."

ఎవరూ లేవలేదు.

మొగుడి మొండితనాన్ని, నోటి దురుసును వెర్నా ఏళ్ళ తరబడి భరించింది. కోపాలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు కలిగింది కోపం కాదు. అన్నంలో పురుగు కనిపిస్తే నోరు ఎలా అవుతుందో, అతని మొహం చూస్తే ఆమెకు అలా అయింది.

"ఇక్కడ ఆపితే ఇసకలో దిగబడతాం," అంటూనే ఉన్నాడు రాయిస్. "రెండో చక్రం పట్టుకునే ఉంది. యూమా ఇంకెంతో దూరం లేదు."

చివరికి అతన్ని ఆపింది రెండో టైరే. రాళ్ళ బరువంతా మీద పడి అదీ పేలిపోయింది. ఇనప చక్రం తారును గీరుకుంటూ, నిప్పులు చిమ్ముతూ ఆగింది.

వెర్నా దిగి వెనక్కి నడిచింది. నడుస్తూనే అంబులెన్సుకు ఫోను చేసింది. దారి పొడుగునా తమ ఇంటి మురికే, ఎండకు అప్పుడే అట్టకడుతోంది. తను పడేసిన కాగితాలు కూడా అందులో ఆనవాలు పట్టగలిగింది. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఒకచోట వంగి కక్కుకుంది. మళ్ళీ నడిచింది.

పడ్డ మనిషి ఆడమనిషి. పేరు ఒఫీలియా బరాజా, యూమా పక్కన ఆకుకూరలు పెట్టెలకెత్తే షెడ్డులో మేస్త్రీ. రోడ్డు వారన పడి భుజం పట్టుకుని మూలుగుతోంది. శిరస్త్రాణం అద్దం నిండా అదే రొచ్చు. వెర్నా మోకాళ్ళ మీద కూర్చుని తన చొక్కా చేతులతో ఆ అద్దం తుడిచి, మెల్లగా పైకెత్తింది.

"ఏంటమ్మా ఇది, నా మీద పడింది?" అంది ఒఫీలియా.

"మా లెట్రిన్," అంది వెర్నా. వేరే మాట దొరకలేదు.

ఒఫీలియా కాసేపు ఆకాశంలోకి చూసింది. "నా నెత్తిన చాలామందే ఎక్కారు గానీ, ఇలా మాత్రం ఎవరూ..." నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టింది. తర్వాత అడిగింది. "చెయ్యి ఊపాను కదా. మీరు చూశారు కదా?"

"చూశాం."

"మరి ఆగలేదేం?"

వెర్నా ఎండకు అడ్డంగా జరిగింది. అంబులెన్సు వచ్చేదాకా ఆమె మొహం మీద ఎండ పడకుండా తన నీడ పట్టి కూర్చుంది.

ఒఫీలియాను తీసుకెళ్ళాక, రోడ్డు పోలీసు వెర్నాను తన కారులో ట్రైలర్ దగ్గరికి తీసుకొచ్చాడు. రాయిస్ ఎదురొచ్చాడు.

"ఈ టైర్ల కంపెనీలు ఒట్టి దొంగలు సార్! నిక్షేపంలాంటి టైరు, ఏ సూచనా లేకుండా పేలింది. వెనక ఎవరో పడ్డారని నాకసలు తెలియనే తెలీదు. ఆ మోటారు సైకిళ్ళవాళ్ళు ఎంత స్పీడుగా వస్తారో మీకు తెలుసుగా."

"తెలుసు," అంది వెర్నా.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"అతనికి తెలుసు. టైరు ఉబ్బిందని పొద్దున నేను చూపించాను. పక్కాయనా మార్చుకోమన్నాడు. కాలిన కంపు వస్తోందని రెండుసార్లు చెప్పాను. ఆ మనిషి పడటం అద్దంలో చూసి కూడా పోనిచ్చాడు."

"ఏమే, ఎండదెబ్బ గానీ తగిలిందా?" అన్నాడు రాయిస్. పోలీసు వైపు చూసి కన్ను కొట్టబోయాడు. పోలీసు అతని మొహం చూడకుండా అంతా రాసుకున్నాడు.

ట్రైలర్‌ను లాక్కెళ్ళి యూమాలో ఒక మెకానిక్ దొడ్లో పెట్టారు. ఆస్పత్రిలో ఒఫీలియా మెడ కింది ఎముకకు కట్టు కట్టేదాకా ఉండి, సాయంత్రం వెర్నా ఆ దొడ్డికి వచ్చింది. రాయిస్ రాళ్ళన్నీ నేల మీద పరిచి, గొట్టంతో నీళ్ళు పట్టి ఒక్కొక్కటీ కడుగుతున్నాడు. చంటిపిల్లకు తల తుడిచినట్టు గుడ్డతో అద్దుతున్నాడు.

"వెర్నా, చూడు! ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు!"

ఆమె లోపలికి వెళ్ళి తన బట్టలు ఒక సంచిలో సర్దుకుని దిగింది.

"ఎక్కడికి?"

"నీ పక్కన కూర్చుంటే వాంతి వస్తోంది రాయిస్."

"పేలింది టైరేగా, నేనేదో మనిషిని చంపినట్టు!"

వెర్నా ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుంది. ఒఫీలియాకు కుడిచెయ్యి కదలదు, ఇంట్లో ఇంకో మనిషి లేదు. వెర్నా రోజూ వెళ్ళి వంట చేసి, ఆమెకు తల దువ్వి వచ్చేది. "మీ కాఫీ మాత్రం అధ్వానం," అనేది ఒఫీలియా. అంటూనే కప్పు ముందుకు జరిపేది. ఆ రోజు గురించి ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

రాయిస్‌కు జరిమానా పడింది. కట్టేశాడు, ట్రైలర్‌కు కొత్త టైర్లు వేయించాడు, ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ఎండలు ముదిరాక ఒకరోజు లైల్ ఆమండ్‌సన్ ఫోను చేశాడు. వాళ్ళంతా ఏదో కొండ ప్రాంతంలో దిగారట.

"రాయిస్ రోజూ చలిమంట దగ్గర ఆ కథ చెబుతున్నాడు వెర్నా. లెట్రిన్ రోడ్డు మీద పడ్డం, వెనకామె జారడం, అదంతా చేత్తో చేసి చూపిస్తాడు. నువ్వేమో ఎండకు మతి పోయి వెళ్ళిపోయావంటాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. నువ్వు తెలుసుకుంటే మంచిదని చేశాను."

"నువ్వు కూడా నవ్వావా లైల్?"



"అతను చెప్పే తీరు అలా ఉంటుంది మరి," అన్నాడు లైల్.

వెర్నా ఫోను పెట్టేసింది. కుళాయి తిప్పి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, చాలాసేపు చేతులు కడుక్కుంది.