చెరగని అయిదు

మేనేజరు ప్రేమ్‌చంద్ ఫోన్ చేసేసరికి అంకమ్మరావు తన కొట్లో ఒక ప్రింటరు పొట్ట విప్పుకుని కూర్చున్నాడు.

"ఏవయ్యా, ఎక్కడున్నావ్? ఉన్నపళంగా బయల్దేరు. ఇక్కడ కొంప మునిగింది."

"ఏమైందండీ? తెరలు రావట్లేదా?"

"తెరలు బానే ఉన్నాయి. తెర ముందు కూర్చున్న మనిషే బాలేదు. ఆ దేవకుమారి నూట ఇరవై అయిదో ర్యాకని చెప్పి, పర్చూరు సుబ్బరావమ్మ గారి మేలురకం తేజ మిరపకాయంతా లారీకెక్కించేసింది. ఎక్కాల్సింది పన్నెండో ర్యాకులో ఉన్న తాలు, ఆ రంగుపోయిన నాసిరకం కాయ. లారీ కారం మిల్లుకి పోయింది, కాయ మరాడించేశారు కూడా. ఆవిడొచ్చి ఇక్కడ నెత్తినెక్కి కూర్చుంది. నువ్వొచ్చి కంప్యూటర్లో తప్పేం లేదని ఒక్క మాట చెప్పి పో, మిగతాది నేను చూసుకుంటా."

నూట ఇరవై అయిదు. పన్నెండు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన వినేసరికి అంకమ్మరావు చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ అయిదు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"వస్తున్నానండీ," అన్నాడు.

నరసరావుపేట రోడ్డులో ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు మిరప టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో, ఏ ర్యాకులో ఉన్నాయో గుర్తుపెట్టుకునేది ఒక ముసలి యూనిక్స్ కంప్యూటర్ మిషను. ప్రేమ్‌చంద్ అక్కడ ఉద్యోగంలో చేరకముందు నుంచీ అది నడుస్తూనే ఉంది, ఇంకా నడుస్తుంది కూడా. చచ్చినవల్లా దానికి తగిలించిన పాత ఆకుపచ్చ తెరలు. ఒక్కొక్కటే ఆరిపోయాయి, వాటి విడిభాగాలు దేశంలో ఎక్కడా దొరకవు. ముందు హైదరాబాదు నుంచి ఒక ఇంజినీరు కార్లో వచ్చి, అద్దాల గదిలో కూర్చుని, జీడిపప్పు తిని, ముసలి మిషనుతో సహా మొత్తం మార్చెయ్యాలని చెప్పి పోయాడు. ఆ తర్వాత గుర్తొచ్చాడు అంకమ్మరావు. ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఆ తర్వాతే గుర్తొస్తారు.

అతను తెచ్చిన ఉపాయం తేలికైనది. మామూలు కంప్యూటర్లలో లినక్సు వేసి, అందులో టెర్మినల్ ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది వేషగాడి లాంటిది. పాత తెర వేషం కట్టి, నేనే అదని ముసలి మిషనుని నమ్మిస్తుంది. పాత తెరల్లో రకాలు బోలెడు. ఏ రకం వేషం కట్టాలో పేరు చూసి మనం చెప్పాలి. మొదట ఒక పేరు పెడితే తెర నిండా చీమలు పాకినట్టు పిచ్చిగీతలు వచ్చాయి. ఇంకో పేరు పెడితే అక్షరాలొచ్చాయి గాని, పై వరసలో మీటలు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మరో పేరుకి అన్నీ వచ్చాయి. ప్రేమ్‌చంద్ భుజం తట్టాడు. "శెభాష్! హైదరాబాద్ వాడు నోరెళ్ళబెట్టాలి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి దేవకుమారి అంది. "అన్నా, పాత అంకె పూర్తిగా పోవట్లేదు. తోక మిగుల్తోంది చూడండి."

అతను చూశాడు. నిజమే. మూడంకెలున్నచోట రెండంకెలు వచ్చి కూర్చుంటే, మూడోది చెరక్కుండా అక్కడే ఉండిపోతోంది. పలక సగం తుడిచి రాసినట్టు. అన్నిసార్లూ కాదు, అప్పుడప్పుడు.

"అలాగే ఉంటుందమ్మా ఈ మిషన్లకి. కంట్రోల్ ఎల్ కొట్టు. తెర కడిగినట్టవుతుంది."

"ప్రతిసారీ కొట్టాలా?"

"కొడితే పోయేదేముంది?"

"అది కాదన్నా. పాత తెరలు గొడౌన్లో పడేసున్నాయి. వాటి అడుగున రేకుమీద ఏదో పేరుంటుంది. అది చూస్తే మీకేమన్నా..."

"ఏమ్మాయ్, నాకు నేర్పుతున్నావా?"

అందరూ నవ్వారు. ప్రేమ్‌చంద్ గట్టిగా నవ్వాడు. దేవకుమారి కూడా నవ్వినట్టు పెదాలు కదిపి కుర్చీ జరుపుకుంది.

లేచి గొడౌను దాకా నడిచి ఒక తెరని బోర్లించి చూడటం ఎంతపని? కాని అలా లేస్తే, అంతవరకూ తను పెట్టిన పేర్లన్నీ గుడ్డిగా పెట్టినవేనని తేలిపోతుంది. చదువుకున్నవాడు "చూసి చెప్తాను" అంటే దాన్ని జాగ్రత్త అంటారు. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాల సంచి అటకెక్కించి పత్తి చేలో మందు కొట్టడానికి పోయినవాడు అదే మాటంటే, వీడికేం రాదంటారు. అందుకని "తెలియదు" అన్న మాట నోట్లోంచి రాకుండా ఇన్నేళ్ళూ బతుకు లాక్కొచ్చాడు. ఆ రోజూ అలాగే సామాను సర్దుకుని వచ్చేశాడు.

బైకు దిగి లోపలికి వెళ్తుంటే కారం ఘాటుకి ముక్కు మండింది. రోళ్ళు పగిలే ఎండలో ముఠా కూలీలు మంకీ టోపీలు పెట్టుకుని, స్వెట్టర్లు తొడుక్కుని చల్లగదుల్లోంచి బయటికొస్తున్నారు. ఆఫీసు గుమ్మంలో సుబ్బరావమ్మ నిలబడి ఉంది. బొడ్లో చెంగు దోపుకుని, చేతిలో ఖాళీ శాంపిల్ సంచి పట్టుకుని ఉంది. బేరగాణ్ణి వెంటబెట్టుకుని శాంపిల్ తీయించడానికి వస్తేనే ర్యాకు ఖాళీ అని బయటపడింది. తాలు కొన్న వ్యాపారి తేజ దిగితే నోరెందుకు విప్పుతాడు?

"కూలోళ్ళతో పాటు వొంగి నేనూ కోశానయ్యా ఆ కాయ," అంటోంది. "వాన పడుద్దేమోనని కల్లంలోనే పడుకున్నా. రేటొచ్చిందాకా దాచుకుందామని మీ దగ్గర పెడితే, తాలని చెప్పి తోలేస్తారా? కళ్ళుండే కూర్చోబెట్టారా ఆ పిల్లని?"

"తప్పు మాదేనమ్మా, కాదన్లేదు," అన్నాడు ప్రేమ్‌చంద్. "ఆ వ్యాపారి మెడలు వంచుతాం. ఈమెని ఇవాళే తీసేస్తున్నాం."

దేవకుమారి బల్ల పక్కన నిలబడి ఉంది. ఆ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఏమొస్తుందో అంకమ్మరావుకి తెలుసు. వాళ్ళాయన ప్రభు ఆటో తోలితే తోలినట్టు, లేకపోతే చర్చి అరుగుమీద పడుకున్నట్టు.

ముఠా మేస్త్రి బుల్లయ్య తన తప్పేం లేదని అందరికీ చెప్పుకుంటున్నాడు. "అమ్మాయి నూట ఇరవై అయిదంది. నేను బండిమీద నూట ఇరవై అయిదు రాశాను. మావోళ్ళు నూట ఇరవై అయిదు దించారు. అంతేగా!"

అంతే. అక్కడ పద్ధతే అది. తెర మీద ర్యాకు నంబరు చూసి ఆమె కిటికీలోంచి అరుస్తుంది, మేస్త్రి సుద్దముక్కతో తోపుడుబండి చెక్కమీద రాస్తాడు, ముఠా ఆ అంకె చూసుకుని చల్లగదిలోకి పోతుంది. పని కాగానే అరచేత్తో తుడిచేస్తారు. చీటీలు చలికి చెమ్మెక్కి చిరుగుతాయని ఎప్పుడో మానేశారు. సుద్ద చెరిగిపోయింది, తెరా మారిపోయింది. మిగిలింది ఆమె అరిచిన అరుపు ఒక్కటే, దాన్ని విన్నవాళ్ళు పదిమంది.

"చూడవయ్యా," అని ప్రేమ్‌చంద్ కుర్చీ చూపించాడు.

అంకమ్మరావు కూర్చున్నాడు. తెర పక్కన దేవకుమారి అంటించుకున్న బైబిలు వాక్యం కార్డు ఉంది. ఆ రోజు తాలు లారీకి ముందు ఏ సరుకు చూశారో వెతికితే, నాలుగువందల డెబ్బై అయిదో ర్యాకు. అది తీశాడు. తర్వాత పన్నెండు తీశాడు. నాలుగూ ఏడూ ఉన్నచోట ఒకటీ రెండూ వచ్చి కూర్చున్నాయి. అయిదు కదల్లేదు. 125. ఆకుపచ్చగా, అమాయకంగా.

ఎవరూ చూడలేదు. అందరూ సుబ్బరావమ్మ వైపు తిరిగి ఉన్నారు. అంకమ్మరావు తెర మార్చేశాడు.

"ఇప్పుడే వస్తానండీ," అని లేచి గొడౌనుకి పోయాడు. గోనె పట్టాలు లాగి, దుమ్ములోంచి ఒక పాత తెరని బోర్లించాడు. అడుగున రేకు, రేకు మీద పేరు. చొక్కా అంచుతో తుడిస్తే శుభ్రంగా కనబడింది. వెనక్కొచ్చి ఎమ్యులేటర్లో ఆ పేరు వెతికి పెట్టి, 475 తీసి, 12 తీశాడు. పన్నెండు పన్నెండుగానే వచ్చింది. మళ్ళీ మళ్ళీ చూశాడు. తోక లేదు. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

"ఏం తేలింది?" అని ప్రేమ్‌చంద్ భుజం మీదుగా వంగాడు. "సిస్టం బాగానే ఉందిగా?"

"బాగానే ఉందండీ."

"ఇప్పుడు" అన్న మాట మాత్రం మింగేశాడు. అబద్ధం ఆడలేదని తనకి తను చెప్పుకున్నాడు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. చెవులు మాత్రం కారం రాసినట్టు మండాయి.

"విన్నావామ్మా?" అని ప్రేమ్‌చంద్ దేవకుమారి వైపు తిరిగాడు. "ఇంకేమంటావ్?"

ప్రేమ్‌చంద్ ఫోనొచ్చి పక్కకి వెళ్ళగానే ఆమె అంకమ్మరావు దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అంది. "మీ పేరు ఎత్తలేదన్నా. మిషను గుణం మీరు ముందే చెప్పారుగా. రోజూ కొడుతూనే ఉన్నాను కంట్రోల్ ఎల్. ఆ రోజు లారీవాడు ఒకటే హారన్, బుల్లయ్య బాబాయ్ కిటికీలోంచి ఒకటే కేక. ఆ ఒక్కసారి కొట్టలేదేమో. మీరు చెప్పిన పద్ధతి నేనే తప్పాను."

"అది కాదమ్మా..."

"మీకెందుకన్నా నా గొడవ? మీరు మళ్ళీ ఈ గడపలోకి రావాలిగా పనికి."

అని సుబ్బరావమ్మ దగ్గరికి నడిచింది. వంగింది. పెద్దామె రెండు కాళ్ళూ పట్టుకుంది.

"అమ్మా, నాదే తప్పు. నా అజాగ్రత్త వల్లే జరిగింది. మీ నష్టం తీర్చలేను. క్షమించండమ్మా."

"లే, లే! ఇదేం పనే!" అని సుబ్బరావమ్మ వెనక్కి జరిగింది. ఆవిడ గొంతులో వేడి తగ్గిపోయింది. "కాళ్ళు పట్టుకుంటే కాయొస్తుందా? లేచి అవతలకి పో."

దేవకుమారి లేచింది. కళ్ళు తుడుచుకోలేదు. బల్ల సొరుగు లాగి టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె సంచిలో వేసుకుంది. తెర పక్కనున్న వాక్యం కార్డు మూల గోటితో గీకి, చిరక్కుండా మెల్లగా ఊడదీయడం మొదలుపెట్టింది. అంకమ్మరావు ఆ తెర ముందే కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. కార్డుకి ఒక మూల ఊడింది. రెండో మూల ఊడింది.

"ఆగమ్మా," అన్నాడు.

ఎమ్యులేటర్ మళ్ళీ తెరిచాడు. రేకు చూసి పెట్టిన పేరు తీసేసి, ఆ రోజు గుడ్డిగా పెట్టిన పేరే మళ్ళీ పెట్టాడు. బాగైనదాన్ని చేజేతులా పాడుచేయడం ఈ పనిలోకొచ్చాక అతనికి అదే మొదలు.

"మేనేజరు గారూ, ఇట్లా రండి. సుబ్బరావమ్మ గారూ, మీరూ రండమ్మా. బుల్లయ్యా, నువ్వు కిటికీ దగ్గరే నిలబడి చూడు." దేవకుమారితో అన్నాడు. "నాలుగువందల డెబ్బై అయిదు తియ్యమ్మా."

ఆమె అయోమయంగా చూసి, నిలబడే మీటలు నొక్కింది.

"ఇప్పుడు పన్నెండు."

నొక్కింది.

"ఎంతుంది? పైకి చదువు బుల్లయ్యా."

"నూట ఇరవై అయిదు," అన్నాడు బుల్లయ్య. అని, నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

"ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చదివింది," అన్నాడు అంకమ్మరావు. "తప్పు నాది. పెట్టిన రోజే నాకు చూపించింది. గొడౌన్లో తెర అడుగున పేరుంటుంది చూడమని కూడా చెప్పింది. చూడకుండా పోయాను. ఇవాళ చూశాను. ఇందాక మీరు అడిగినప్పుడు బాగానే ఉందన్నానే, అప్పటికే సరిచేసి ఆ మాటన్నాను."

ప్రేమ్‌చంద్ మొహం ఎర్రబడింది. "అందుకేనయ్యా నీలాంటోళ్ళని పిలవకూడదనేది," అన్నాడు. "కాస్త చదువుకున్నోణ్ణి పెట్టుకునుంటే ఈ ఖర్మ ఉండేది కాదు. అది సరిచేసి బయటికి నడువ్. మళ్ళీ ఈ గేటులో కనబడకు. నువ్వు నీ పని చూసుకోమ్మా."

ఇంకోరోజైతే ఆ మాటకి అంకమ్మరావు దగ్గర పది జవాబులుండేవి. ఇవాళ తెర వైపు తిరిగి మీటల మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పని ఒప్పుకుంటే నా కాయ ర్యాకులోకి వస్తుందా?" అంది సుబ్బరావమ్మ. "వస్తుందంటే చెప్పు, కూర్చుని ఇంకోసారి వింటా." కాస్త ఆగి, "ఆ పిల్ల చేత నా కాళ్ళు పట్టించావు గదయ్యా. ఇక్కడే కూర్చుని చూశావు గదా," అంది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ప్రేమ్‌చంద్ వైపు తిరిగింది. "పద, ఆ వ్యాపారి ఎవడో వాడి దగ్గరికి. నేనూ వస్తా."

వాళ్ళు వెళ్ళిపోయారు. బుల్లయ్య కిటికీ వదిలి వెళ్ళలేక, ఉండలేక, బీడీ వెతుక్కుంటూ పోయాడు.

అంకమ్మరావు సరైన పేరు మళ్ళీ పెట్టాడు. దేవకుమారి సంచి భుజాన్నుంచి దించలేదు. ఊడిన కార్డు మూలల్ని వేలితో అదిమి అంటించడానికి చూస్తోంది. జిగురు పోయింది, అంటుకోవడం లేదు.

"ఇక కంట్రోల్ ఎల్ అక్కర్లేదమ్మా," అన్నాడు అతను కుర్చీలోంచి లేస్తూ. "నువ్వే చూడు ఒకసారి."

ఆమె కూర్చుని చూసింది. నాలుగువందల డెబ్బై అయిదు. పన్నెండు. ఇంకో రెండు ర్యాకులు. ఒక్కో అంకె దగ్గరా ఆగి, వేలు పెట్టి చూసుకుంది. ఎంతసేపటికీ తల తిప్పలేదు.

"అమ్మాయ్," అన్నాడు అంకమ్మరావు.

"సరిగ్గానే ఉందండీ," అంది ఆమె తెర వైపే చూస్తూ. "మీరు వెళ్ళొచ్చు అంకమ్మరావు గారూ."