నిలబడి చదివిన ఆవిడ

మూత కింద ఇనుప కడ్డీ దూర్చబోయిన సిల్వేస్త్రు చెయ్యి అలాగే ఆగిపోయింది. పెట్టె చుట్టూ బిగించిన తాడు ముడి చెక్కు చెదరలేదు. అది అతని ముడి. బ్రయిలా రేవులో పడవలు కట్టే తండ్రి దగ్గర పన్నెండో ఏట నేర్చుకున్నది. కత్తితో కోయాలే తప్ప విప్పడం ఎవరివల్లా కాదు, కోశాక మళ్ళీ అలా కట్టడం అసలే కాదు.

పక్క పెట్టె చూశాడు. అదీ అంతే. దాని పక్కదీ అంతే. ఏటికొకటి చొప్పున మొత్తం ముప్పయ్యొక్క పెట్టెలు. ఒక్కోదాని మీదా సుద్దతో తను రాసిన సంవత్సరం అలాగే ఉంది.

బుకారెస్ట్‌లో ఓ సాంస్కృతిక సంస్థ నేలమాళిగలో ముప్పయ్యొక్క ఏళ్లుగా అతనిది ఒకటే పని. విదేశంలో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనకు రుమేనియా పుస్తకాలు సర్ది పంపడం. పొట్టి మనిషి. మోసి మోసి ఎడమ భుజం ఒరిగిపోయింది. చలికాలం రాగానే వేళ్ల కొనలు చీలిపోతే పంది కొవ్వు రాసుకుని పని చేసుకుంటాడు. దేశం దాటి ఒక్క అడుగు వేసినవాడు కాదు. వెళ్లిన పుస్తకాలు అక్కడి గ్రంథాలయాలకు పంచేస్తాం, పెట్టెలు తిరిగి రావు అని పైవాళ్లు చెబితే నమ్మాడు. ఈ శరదృతువులో అక్కడెవరిదో గోదాము ఖాళీ చేయాల్సి వచ్చి, అన్నీ ఒక్కసారిగా వెనక్కి వచ్చాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

నిరుటి పెట్టె తాడు కోశాడు. అడుగున రచయిత్రి జాంఫిరా ప్లేషా నవల, ఫ్రెంచి అనువాదం, పన్నెండు ప్రతులు. పన్నెండూ ఉన్నాయి. ఎప్పుడో సంస్థే వేయించి, ఆవిడకు అడిగే దిక్కు లేదని మూలన పడేసిన పుస్తకం. పంపమని ఎవరూ చెప్పకపోయినా ఏటా సిల్వేస్త్రే పెట్టేవాడు. పటాలంలో ఉన్నప్పుడు ఆ నవల చదివి ఏడ్చాడు, అదీ కారణం.

నిరుడు, ప్రదర్శనలో సంస్థ స్టాలుకు వెళ్లొచ్చిన పై అంతస్తు ఉద్యోగిని కొరీనా ఓ మాట చెప్పింది. బెల్జియం నుంచి వచ్చిన ఒకావిడ ఆ పుస్తకం తీసుకుని అరగంట నిలబడి చదివిందట! అతను ఆ సాయంత్రమే వృద్ధాశ్రమానికి పరుగెత్తాడు. ఎనభై ఎనిమిదేళ్ల జాంఫిరా ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది.

"ఏ పేజీ దగ్గర ఆగిందబ్బాయ్?"

"వంతెన ఘట్టం దగ్గరమ్మగారూ," అన్నాడు నోటికొచ్చినట్టు.

"అక్కడ ఎవరైనా ఆగాల్సిందే," అంది ముసలామె. ఏడాదంతా ఆ మాట మీదే బతికింది. ఈ ఏటి కబురు ఇవాళ నాలుగింటికి తెస్తానని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు.

మెట్లెక్కి కొరీనా గదిలోకి వెళ్లాడు. ఆమె కోటు తొడుక్కుంటోంది.

"పెట్టెలు విప్పనేలేదేమ్మా?"

"ఎవరు విప్పుతారు బాబాయ్! స్టాలంటే ఎంతనుకున్నావు, మన లిఫ్టంత. డైరెక్టరుగారి పుస్తకం పెట్టాం, వైను పెట్టాం, కుట్టుపని జాకెట్లేసుకుని ఇద్దరమ్మాయిలు నిలబడ్డారు. ఇంక చోటేదీ?"

"మరి బెల్జియం ఆవిడ? నిలబడి చదివిందన్నావు?"

"ఏ ఆవిడ?" కొరీనా కళ్లు చికిలించింది. తర్వాత నవ్వేసింది. "అన్నానా? నువ్వు చెవిలో జోరీగలా పడితే ఏదో అనేసుంటాను. పోనీలే, సంతోషపడ్డావుగా!"

పుండు మీద కారం చల్లి, పైగా సంతోషపడ్డావుగా అంటుంది. అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ముప్పయ్యొక్క ఏళ్లు తను కట్టింది మూటలే కానీ, ఎవరికీ ఏమీ పంపలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ట్రాములో కూర్చోకుండా నిలబడే వెళ్లాడు. నిజం చెబితే ముసలామె తట్టుకోలేదు. అబద్ధం చెబితే తను తట్టుకోలేడు. నాలుగు స్టాపులు అలాగే కొట్టుకున్నాడు. అయిదో స్టాపు దగ్గర తేల్చుకున్నాడు. చెప్పేద్దాం, ఈసారి ఇద్దరు చదివారని. ఒకరు కొన్నారని కూడా.

వృద్ధాశ్రమం గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. అద్దం మీద దుప్పటి కప్పారు. మంచం మీద పరుపు చుట్ట చుట్టి ఉంది. ఆయా అగ్లాయా తుడుపు గుడ్డ పిండుతూ తలెత్తింది.

"పొద్దున్నే పోయింది, బాబాయ్. టీ తాగింది, గోడవైపు తిరిగింది. ప్రాణం పోయేటప్పుడు చేతిలో కొవ్వొత్తి పెట్టాలిగా, ఆ వ్యవధి కూడా ఇవ్వలేదు. దేవుడు ఆమెను క్షమించుగాక."

సిల్వేస్త్రు టోపీ తీశాడు.

"నాలుగింటికి నువ్వొస్తావని మూడురోజులుగా అందరికీ చెప్పింది," అంటూ అగ్లాయా సొరుగు లాగి ఓ కాగితం సంచీ తీసింది. "ఇది నీకిమ్మంది. నీక్కాదులే, ఆ బెల్జియం ఆవిడకట. అక్కడంతా సిమెంటు నేల, అరగంట నిలబడితే కాళ్లు జివ్వుమనవా, పాపం అనేది. వేళ్లు నొప్పెడుతున్నా ఆపలేదు. ఈసారి వెళ్లినప్పుడు నువ్వే ఇచ్చెయ్యి."

"అలాగే," అన్నాడు సిల్వేస్త్రు.

ట్రాము స్టాపులో బెంచీ మీద కూర్చుని సంచీ తెరిచాడు. ఎర్ర ఊలు మేజోడు ఒకటి పూర్తయి, నీటుగా మడతపెట్టి ఉంది. రెండోది మడమ మలుపు దగ్గర ఆగిపోయింది, నాలుగు అల్లిక సూదులూ దానికింకా గుచ్చుకునే ఉన్నాయి.